ఐదో ట్రిప్పు

పోయిన ఏడాది అక్టోబరు పదకొండు, శనివారం. ఆ రోజు తిన్నది నాసి లెమాక్. కొబ్బరిపాలలో వండిన అన్నం, వేయించిన నెత్తళ్ళు, వేరుసెనగ గుళ్ళు, ఎర్రటి సంబల్ కారం, సగం కోడిగుడ్డు. పొద్దున సింగపూర్‌లోని యీషున్ పేటలో కొన్న పొట్లాలు విప్పే తీరిక మధ్యాహ్నం మూడు దాటితే గానీ దొరకలేదు. అన్నం చల్లారి కాగితానికి అంటుకుపోయింది. కౌశిక్ విమానం రెక్క నీడన నిలబడే నాలుగు ముద్దలు తిని, తన పొట్లంలోని గుడ్డు తీసి ప్రేమ్ పొట్లంలో పెట్టాడు.

"తిను అన్నా. పెద్దోడివి, బలం కావాలి."

ప్రేమ్ నవ్వి, ఆ పొట్లం మడిచి పక్క సీటులో పెట్టుకుని ముందు బయల్దేరాడు. ఆ రోజుకి ఇద్దరికీ అది ఐదో ట్రిప్పు.

వాళ్ళు నడిపేవి నీటి విమానాలు. ఒక్కోదాని అడుగున రెండు పొడుగాటి పడవల్లాంటి గుల్లలుంటాయి, ఆ గుల్లల్లోంచి దిగి మళ్ళీ లోపలికి ముడుచుకునే చక్రాలుంటాయి. సింగపూర్‌లో రన్‌వే మీద చక్రాలతో పరిగెత్తి లేస్తాయి. సరిహద్దు అవతల దీవుల్లోని రిసార్టుల దగ్గర సముద్రం మీద దిగుతాయి. మధ్యలో చక్రాలు ముడవాలి. ముడవకుండా నీళ్ళ మీద దిగితే, పరిగెత్తేవాడి కాళ్ళకి తాడు అడ్డం కట్టినట్టే. అందుకని దిగబోయే ప్రతివాడూ ఆ మాట రేడియోలో పైకి చెప్పాలని పైలట్లు తమలో తాము ఆచారం పెట్టుకున్నారు. తక్కిన నలుగురూ ఇంగ్లీషులో చెప్పేవారు. కౌశిక్, ప్రేమ్ మాత్రం తెలుగులో చెప్పుకునేవారు: "నీళ్ళ మీద దిగుతున్నా, కాళ్ళు ముడిచాను."

దీవి చేరి, విమానం కట్టేసి, ప్రేమ్ చెక్కవంతెన అంచున కూర్చుని పొట్లం విప్పాడు. చేతి రేడియో ఒళ్ళో ఉంది. కౌశిక్ విమానం తూర్పు నుంచి వంపు తిరిగి దిగుతోంది. సాయంత్రం అతిథుల్ని తీసుకుపోవడానికి ఖాళీగా వస్తోంది. రేడియోలో మాట రాలేదు. ప్రేమ్ తలెత్తాడు. గుల్లల కింద నాలుగు చక్రాలు, కొంగకాళ్ళలా వేలాడుతూ, ఎండలో మెరుస్తూ కనబడ్డాయి.

ఆ క్షణాన అతని నోటినిండా గుడ్డు ఉంది.

రేడియో తీసి నొక్కాడు. గొంతులోంచి మాట బదులు పొలమారిన దగ్గు వచ్చింది. రెండు సెకన్లు. చక్రాలు నీటిని తాకాయి. పచ్చి మానులో గొడ్డలి దిగినప్పటిలాంటి బొంగురు చప్పుడు ఒక్కటే వచ్చింది. విమానం ముక్కు నీళ్ళలోకి గుచ్చుకుంది. తోక నిట్టనిలువునా లేచి ముందుకి విరుచుకుపడింది. ప్రొపెల్లర్ ముక్కలైంది. ఒక ముక్క ప్రేమ్ తల పక్కనుంచి దూసుకుపోయి వంతెన గుంజలో జానెడు లోతున దిగబడింది.

అతను దూకాడు. తలకిందులైన విమానం తలుపు నీటి బరువుకి రాలేదు. మోచేత్తో అద్దం పగలగొట్టాడు. చర్మం చీరుకుని ఎముక బయటపడినా అప్పుడు తెలియలేదు. బెల్టు కోసి కౌశిక్‌ని లాగాడు. తల భుజాల మీద నిలవలేదు. ముప్పై రెండేళ్ళవాడు.

నొప్పి తెలిసేంత వ్యవధి ఉండి ఉండదని తర్వాత డాక్టరు అన్నాడు. ఆ ఒక్క మాటని ప్రేమ్ నెలల తరబడి దాచుకుని, నిద్ర పట్టనప్పుడల్లా మాత్రలా వేసుకున్నాడు.

ఇది కంపెనీకి ఒక్కడి మతిమరుపు. ప్రేమ్‌కి మాత్రం లెక్క వేరే ఉంది. వాళ్ళకి జీతం ట్రిప్పుకింత. వాన పడి ఎగరకపోతే ఆ రోజు సున్నా. మార్చి నుంచి అక్టోబరు దాకానే సీజను. ఆ తర్వాత గాలివానల నాలుగు నెలలూ పని ఉండదు. ఎనిమిది నెలల్లో ఏడాది తిండి సంపాదించుకోవాలంటే ఎవడూ చాలు అనడు. మూడు ట్రిప్పులకి ఒళ్ళు అలుస్తుంది. నాలుగోదానికి కళ్ళు అలుస్తాయి. ఐదోదానికి నోరు అలిసి, చెప్పాల్సిన మాట చెప్పదు.

అందుకే కొత్త సీజను కాగితాల మీద సంతకాల వేళ మిగిలిన నలుగురు పైలట్లూ ప్రేమ్‌ని ముందుకి తోశారు. అడగాల్సినవి రెండే. ఎగిరినా ఎగరకపోయినా రోజుకింత జీతం ఇవ్వాలి. ఎవరూ రోజుకి మూడు ట్రిప్పులు మించి ఎగరకూడదు. ప్రేమ్ ఏది చేస్తే తామూ అదే చేస్తామన్నారు. అతను పాత కాగితం మీద సంతకం పెడితే మార్చిలో మళ్ళీ ఐదో ట్రిప్పు.

ఫిబ్రవరి పదో తేదీ పొద్దున, ప్రేమ్ కంపెనీ ఆఫీసుకి బయల్దేరే ముందు, తల్లి సూరమ్మ అతని ముందు కాఫీ పెట్టి ఎదురుగా కూర్చుంది. ప్రేమ్‌ది మూడు తరాలుగా సింగపూర్‌లో ఉన్న కుటుంబం. పంతొమ్మిదేళ్ళప్పుడు తప్పనిసరి సైనిక సేవలో ఒకడి దవడ విరగ్గొట్టి నెలరోజులు జైల్లో కూర్చున్నవాడు ప్రేమ్. నలభై నాలుగేళ్ళు వచ్చినా ఆమెకి ఆ భయం పోలేదు.

"ఒరే అయ్యా, నోటితో ఎంతైనా కొట్టు. చేతులు మాత్రం ఇక్కడ పెట్టి పో."

"చేతులు లేకుండా సంతకం ఎలా పెడతాను లా?" అన్నాడు ప్రేమ్, సింగపూర్ యాసలో చివర 'లా' తగిలించి.

"సంతకానికి రెండు వేళ్ళు చాలు. మిగతా ఎనిమిదీ నావి."

కంపెనీ ఆఫీసు విమానాశ్రయానికి దగ్గర్లోని ఒక కట్టడంలో మూడో అంతస్తులో ఉంది. యజమాని సుధాకరరావు ఒకప్పుడు బ్యాంకులో చేసి వ్యాపారంలోకి దిగిన మనిషి. గొంతు పెంచి ఎరుగడు. పెంచాల్సిన పని అతని బావమరిది గురునాథం చూసుకుంటాడు. మందపాటి, మెడ లేని మనిషి. ఆ రోజు తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. గది మూలన కెమెరా ఎర్రచుక్క వెలుగుతోంది.

"కూర్చోండి ప్రేమ్ గారూ," అన్నాడు సుధాకరరావు. "మీ లెటర్ చూశాను. వర్షం పడితే కూడా పే చెయ్యాలా? వర్షం నేను కురిపిస్తానా?"

"మేమూ కురిపించం సర్. కానీ మా కడుపుకి ఆ రోజు కూడా ఆకలేస్తుంది."

"మీ ఒక్కరికీ మంత్లీ శాలరీ ఇస్తాను. చీఫ్ పైలట్ పోస్టు. మిగతావాళ్ళ సంగతి వదిలెయ్యండి."

ఫ్లాటు మీద అప్పు ప్రేమ్ కళ్ళ ముందు ఒక్కసారి ఆడింది. ఆడి పోయింది. "నలుగురూ కింద కాఫీ షాపులో కూర్చున్నారు సర్. నేనొక్కణ్ణే ఎలా?"

"రోజుకి మూడే అని రాస్తే, ఐదు తప్పని నేను ఒప్పుకున్నట్టేగా? ఆ కౌశిక్ చక్రాలు మర్చిపోయాడు. మర్చిపోయేవాడికి మంత్లీ ఇచ్చినా మర్చిపోతాడు."

ప్రేమ్ చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు. గురునాథం తలుపు వదిలి వచ్చాడు.

"ఏమప్పా, చేతులు దాచుకుంటావే? పటాలంలో దవడ పగలగొట్టిన మొనగాడివంట కదా." వంగి చెవిలో అన్నాడు. "నీ స్నేహితుడు తాగి ఎగిరినాడంట. అందరూ అనుకుంటాండారు."

అది అబద్ధమని గురునాథానికి తెలుసు. ప్రేమ్ కదలలేదు. చెంప ఛెళ్ళుమంది. చెవిలో ఈల మొదలైంది. రెండో దెబ్బకి కుర్చీ పక్కకి ఒరిగి, భుజం టేబులు అంచుకి కొట్టుకుంది. ఆ ఎర్రచుక్క ఎందుకు వెలుగుతోందో ప్రేమ్‌కి అప్పుడు అర్థమైంది. ఈ గదిలో అతను ఒక్క దెబ్బ తిరిగి కొడితే చాలు, పోలీసులు, కోర్టు, లైసెన్సు, అంతా అయిపోతుంది. కింద ఉన్న నలుగురూ రేపు పాత కాగితం మీద సంతకం పెడతారు.

"కొట్టరా," అన్నాడు గురునాథం. పిడికిలి నోటి మీద పడింది. పై పన్ను విరిగి నాలుక మీదికి జారింది. ప్రేమ్ కుర్చీతో సహా కింద పడ్డాడు. బూటు డొక్కలో దిగింది, మళ్ళీ దిగింది. గాలి అందలేదు. సుధాకరరావు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ప్రేమ్ కుడి పిడికిలి దానంతటదే బిగుసుకుంది. గురునాథం మోకాలు సరిగ్గా అందేంత దూరంలో ఉంది. ఎనిమిది వేళ్ళు మా అమ్మవి, అనుకున్నాడు. పిడికిలిని నేల మీద బోర్లించి దానిమీద తన బరువే మోపాడు.

కొంతసేపటికి దెబ్బలు ఆగాయి. కొట్టించుకునేవాడు తిరగబడకపోతే కొట్టేవాడికి త్వరగా అలుపొస్తుంది.

"నేనూ మర్చిపోయాను," అన్నాడు ప్రేమ్ నేలమీద నుంచే. పన్ను ఉమ్మాడు.

సుధాకరరావు కుర్చీ తిప్పాడు. "ఏంటి?"

"పోయిన మే నెల మూడో తేదీ. కాళ్ళు వేలాడేసుకునే నీళ్ళ మీదికి దిగుతున్నాను. మనుషులు నలుగురున్నారు విమానంలో. కింద నీళ్ళ మీద ఉన్న కౌశిక్ చూసి రేడియోలో 'అన్నా, కాళ్ళు' అని అరిచాడు. చివరి క్షణంలో పైకి లాగాను. ఎవరికీ చెప్పలేదు. వాడూ చెప్పలేదు." ఊపిరి కోసం ఆగాడు. "అదీ ఐదో ట్రిప్పే సర్. మా ఇద్దరిదీ ఐదోదే. నేను తాగలేదు. వాడూ తాగలేదు."

గురునాథం అతని వైపు చూడకుండా వంగి, పడిపోయిన కుర్చీ లేపి, నిలబెట్టి, దాన్ని రెండడుగులు దగ్గరికి జరిపాడు. ఎందుకు జరిపాడో అతనికే తెలిసి ఉండదు. ప్రేమ్ దాని చెయ్యి పట్టుకుని లేచాడు.

"కాగితం ఇవ్వండి. ఇదంతా రాసి సంతకం పెడతాను. ఒకటి మీకు, ఒకటి ప్రమాదం మీద విచారణ చేసేవాళ్ళకి. వాడి పేరు మీద ఒక్కడి తప్పు అని మిగలకూడదు."

"రాస్తే నువ్వు ఈ సీజను ఎగరలేవు," అన్నాడు సుధాకరరావు. "చెప్పకుండా దాచినందుకు వాళ్ళు కూర్చోబెడతారు. తెలుసా?"

"తెలుసు."

"నలుగురితో ఐదు విమానాలు నడవ్వు."

"నాలుగు నడపండి. రోజుకి మూడు ట్రిప్పులే. ఒప్పుకోకపోతే ఆ నలుగురూ కూడా ఉండరు. సీజనుకి పంతొమ్మిది రోజులుంది. ఇక్కడ జరిగింది మీ కెమెరాలోనే ఉంది. దాన్ని బేరం పెట్టను. అది వేరే సంగతి, పోలీసులు వేరేగా చూస్తారు."

సుధాకరరావు మూలన ఎర్రచుక్క వంక చూశాడు. తను పరిచిన వలలో తన బావమరిదే చిక్కాడని అతనికి అప్పుడు తట్టింది. పెన్ను తీసి, పాత కాగితంలో 'ట్రిప్పుకి' అన్న చోట కొట్టేసి 'రోజుకి' అని రాశాడు. దాని కింద మూడు అంకె వేశాడు. నాలుగు కాగితాల మీదా అలాగే దిద్దాడు. ఐదోది, ప్రేమ్‌ది, చింపేశాడు.

ప్రేమ్ తన వాంగ్మూలం రెండు ప్రతులు రాశాడు. రెండోదాని మీద నెత్తురు చుక్క పడింది. తుడిస్తే ఇంకా పరుచుకుంది.

లిఫ్టు దగ్గర నేల తుడుస్తున్న చైనా ముసలమ్మ అతని మొహం చూసింది. జేబులోంచి టిష్యూ పొట్లం తీసి చేతిలో పెట్టి, మళ్ళీ తుడుచుకుంటూ పోయింది. కింద కాఫీ షాపులో నలుగురూ లేచి నిలబడ్డారు. ప్రేమ్ కాగితాలు టేబులు మీద పెట్టాడు. వాళ్ళు కాగితాల వంక కాక అతని నోటి వంక చూస్తూ ఉండిపోయారు.

ఇక ఒక్క పని మిగిలింది. ఆఫీసులో చెప్పనిది ఒకటి ఉంది.

సాయంత్రం పోలీస్ స్టేషనూ క్లినిక్కూ అయ్యాక బస్సెక్కి బుకిట్ బటోక్‌లోని కౌశిక్ ఇంటికి వెళ్ళాడు. కౌశిక్ భార్య నిఖిల తలుపు తీసి, వాచిన అతని మొహం చూసి, ఇనుప గేటు తాళం కూడా తీసింది. అతను లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి తన వాంగ్మూలం నకలు ఇచ్చాడు. ఆమె చదివింది. తన భర్త పేరు ఉన్న చోట వేలు పెట్టి మళ్ళీ చదివింది.

"ఇందులో రాయనిది ఒకటుందమ్మా," అన్నాడు. "కౌశిక్ కాళ్ళు దించుకుని వస్తుంటే నేను చూశాను. అరవలేకపోయాను. నా నోటినిండా గుడ్డు ఉంది. వాడు నాకిచ్చిన గుడ్డే. వాడు నన్ను బతికించాడు. నేను తింటూ కూర్చున్నాను."

నిఖిల కాగితం నలిగేలా పట్టుకుంది. గేటు ఊచ మీద ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి.

"అరిచి ఉంటే?"

"రెండు సెకన్లు. ఏమో. అబద్ధం చెప్పలేను."

కింద ఎక్కడో పిల్లలు బంతి ఆడుకుంటున్నారు. ఆమె నలిగిన కాగితాన్ని అరచేత్తో సాపు చేసింది.

"ఆయనకి గుడ్డు పడదు అన్నయ్యా," అంది చివరికి. "వాసనంటాడు. ఎప్పుడు నాసి లెమాక్ కొన్నా గుడ్డు నా వైపు తోసేవాడు. తిను, బలం కావాలి అని." కళ్ళు తుడుచుకుని అతని పెదవి వంక చూసింది. "నాలుగు రోజులు గంజి తాగండి. కారం తగలనివ్వకండి."

క్షమించానని అనలేదు. మళ్ళీ రావద్దనీ అనలేదు. అతను తలూపి వరండాలో నాలుగడుగులు వేశాడు. వెనక తలుపు విసిరికొట్టిన చప్పుడు కోసం అతని వీపు ముందే ముడుచుకుంది. ఆ హక్కు ఆమెకుంది.

నిఖిల ముందు గేటు దగ్గరికి లాగింది. తర్వాత చెక్కతలుపు, గడియ చప్పుడు కూడా బయటికి రానంత మెల్లగా మూసుకుంది.