కొట్టెయ్యమన్న అధ్యాయం

ఈ ఫ్యాను తిరుగుతోందో, తిరుగుతున్నట్టు నటిస్తోందో అనుకుంటూండగానే థీసిస్ కమిటీలో పెద్దాయన మళ్లీ అన్నాడు, మూడో అధ్యాయం కొట్టెయ్యండమ్మా, బరువు తగ్గుతుంది, పోయినసారీ ఇదే మాట, కొట్టేస్తే కళ్లజోడు మేడం ఊరుకోదు, అయ్యో దానిలోనే కదండీ మీ పరిశోధనంతా ఉంది, ఇంకాస్త పెంచండి అంటుంది, ఒకరికి కొట్టెయ్యాలి, ఒకరికి పెంచాలి, పగలంతా బడిలో తీసివేతలు చెప్పుకునే టీచరు రాత్రిళ్లు అదే అధ్యాయాన్ని ఒకసారి కుదించి, ఒకసారి సాగదీసి, తీరా తెస్తే పెద్దాయన తను రాయమన్న వాక్యాన్నే వేలితో పొడిచి ఇదెవరు రాయమన్నారమ్మా అంటాడు, మీరే సార్ అనలేక నవ్వింది, నవ్వడం కూడా థీసిస్‌లో భాగమే కాబోలు, ఇవాళ ముగ్గురూ సంతకాలు పెట్టకపోతే ఇచ్చిన గడువు అయిపోతుంది, ఇన్నేళ్ల పనీ అటకెక్కుతుంది.

మూడో ఆయన కొత్తాయన, గైడుగారు పోయాక ఆ ఖాళీ నింపడానికి ఎన్ని తలుపులు తట్టిందో, నా సబ్జెక్టు కాదమ్మా, నేను సెలవులో ఉన్నానమ్మా, సెలవులో ఉన్న మనిషి గదిలోనే కూర్చుని ఆ మాట చెప్పాడు, చివరికి ఈయన మెట్ల దగ్గర దొరికి సంతకమే కదా, పెడదాంలే అన్నాడు, ఇప్పుడు గైడుగారి కుర్చీలో కూర్చుని థీసిస్‌ని వెనకనుంచి ముందుకు తిప్పుతున్నాడు, పిల్లల తప్పుల మీద ఒక అధ్యాయమేమిటండీ అంటున్నాడు, యాభై రెండులోంచి ఇరవై ఏడు తీస్తే ముప్పై ఐదన్న పిల్ల గుర్తొచ్చింది, ఎలా చేశావమ్మా అంటే రెండు దగ్గర ఏడు లేవు కదా టీచర్, అందుకే ఏడు దగ్గరే తీసుకున్నా, పెద్దవాళ్ల దగ్గర ఉంటాయిగా అంది, ఆ మాట వినడానికే కదా ఈ అధ్యాయం.

ఉంచనా, తీసెయ్యనా అని గైడుగారినీ అడిగింది, ఆయన ఏనాడు తిన్నగా జవాబు చెప్పాడు గనక, నువ్వేమంటావు, ఎప్పుడూ అదే, అది తెలిస్తే మీ దగ్గరికెందుకొస్తాను సార్ అని విసుక్కుంటే నవ్వేవాడు, ఆస్పత్రిలో మూతికి ఆక్సిజన్ పెట్టుకుని కూడా కనుబొమలు పైకెత్తాడు, నువ్వేమంటావు, ఈ స్థితిలో కూడానా అని చిరాకుపడుతూనే బస్సెక్కింది, మర్నాడు వెళ్లేసరికి మంచం మీద దుప్పటి మార్చేశారు.

ఏమ్మా, కొట్టేస్తున్నట్టేనా అంటున్నాడు పెద్దాయన, పెంచుతున్నారు కదండీ అంటోంది మేడం, అలవాటుగా గైడుగారి కుర్చీ వైపు చూసింది, కొత్తాయన ఫోన్ చూసుకుంటున్నాడు, ఈ గదిలో ఇంతసేపటికి నువ్వేమంటావని ఒక్కరూ అడగలేదు, ఎలా చేశావమ్మా అని తను రోజూ పిల్లల్ని అడిగేది ఎవరి దగ్గర నేర్చుకుంది, ఇన్నాళ్లూ గైడుగారు జవాబు దాచుకున్నాడనుకుంది, తన దగ్గర లేదని ఆయన దగ్గరికే పరిగెత్తింది, పెద్దవాళ్ల దగ్గర ఉంటాయిగా అని, ఆ పిల్ల చేసిన లెక్కే తనూ చేస్తూ వచ్చింది, ఆ అధ్యాయం ఉంటుంది సార్, ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, ఎందుకో చెబుతాను వినండి అంది, ఆస్పత్రిలో గైడుగారు కనుబొమలెత్తింది ఈ మాట కోసమే.