టికెట్ లేని ఖర్చు

తండ్రి ఇంటి స్నానాలగదిలో సీలింగు ఫ్యాను గిరగిరా తిరుగుతూ కనిపించేసరికి పద్మలత తలుపు దగ్గరే ఆగిపోయింది.

"బాపూ, గీడ ఫ్యానెందుకే?"

"తానం జేసినంక తుడ్సుకునే పని లేదు బిడ్డా," అన్నాడు బుచ్చిరాములు ధీమాగా.

అసలు సంగతి ఫ్యాన్ల షాపులో తెలిసింది. ముందుగదికి ఫ్యాను కావాలని వెళ్లి ఒకటి కొన్నాడు. మర్నాడు మళ్లీ ముందుగదికే అని ఇంకొకటి కొన్నాడు. ఆ మర్నాడు మరొకటి. ముందుగదిలో, పడకగదిలో బిగించగా మిగిలినదానికి ఇంట్లో ఇక ఖాళీ కప్పు స్నానాలగదిదొక్కటే దొరికింది. ఇది చాలదన్నట్టు పాలు పోసే వెంకటి తల గోక్కుంటూ వచ్చి, "అక్కా, తాత గీ నెల పాల పైసలు రెండుసార్లిచ్చిండు. ఒద్దంటె 'నన్ను బాకీదార్ని చేస్తవా' అని తిట్టిండు," అంటూ ఎక్కువొచ్చిన డబ్బు ఆమె చేతిలో పెట్టాడు.

బుచ్చిరాములు ఆర్టీసీ కండక్టరుగా మంథనికీ పెద్దపల్లికీ మధ్య తిరిగి తిరిగి రిటైరయినవాడు. డెబ్బై దాటాయి. భార్య పోయాక మంథనిలో తాను కట్టించుకున్న ఇంట్లోనే ఒక్కడూ వండుకొని తింటున్నాడు. ఇంటి ముందరి రెండు దుకాణాల మడిగెల కిరాయి, బ్యాంకులో వేసిన సొమ్ము మీద వడ్డీ ఆయనకు చాలు. పద్మలత ఒక్కతే కూతురు. పెద్దపల్లిలో లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతూ, ఆదివారం ఆదివారం వచ్చి చూసి వెళుతుంది.

ఆ ఆదివారం ఆమె అన్నం తినకముందే విషయానికి వచ్చింది. "ఏటీఎం కార్డు, పాసుబుక్కు నాకియ్యి బాపూ. ఎంత గావాల్నంటె గంత నేనే పంపిస్త."

"నీ ముందట చెయ్యి సాపాల్నా నేను? ఉద్యోగమున్నన్ని దినాలు డిపో పైసలు సంకల పెట్టుకొని తిరిగిన. ఒక్క రూపాయి షార్ట్ రాలే."

"షార్ట్ రాలే బాపూ. గిప్పుడు ఫ్యాన్లే ఎక్కువొచ్చినయ్."

బుచ్చిరాములు కోపంతో స్నానాలగదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. లోపల చల్లగా ఉండడంతో ఎంతకీ బయటికి రాలేదు.

చివరికి ఇద్దరూ కరీంనగర్‌లో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లారు. డాక్టరు మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాడు. గొడుగు, జామకాయ, తాళం. ఆ తర్వాత లెక్కలు అడిగాడు. బుచ్చిరాములు లెక్కలు చెప్పడమే కాక, అడగకపోయినా మంథని నుంచి పెద్దపల్లి దాకా ఉన్న స్టేజీలన్నీ, తన కాలపు చార్జీలతో సహా, పోయేటప్పటి వరుసలోనూ వచ్చేటప్పటి వరుసలోనూ అప్పజెప్పాడు. డాక్టరు నోరు తెరుచుకొని విన్నాడు.

"శభాష్ పెద్దాయనా. మరి నేను మొదట చెప్పిన మూడు మాటలేంటి?"

బుచ్చిరాములు కిటికీ వైపు చూశాడు. పైకప్పు వైపు చూశాడు. "ఆ ముగ్గురు మధ్యలనే దిగిపోయిన్రు సారూ," అన్నాడు.

పద్మలతకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. జ్ఞాపకశక్తి తగ్గడం మొదలైందనీ, మందులు కొంతవరకే పనిచేస్తాయనీ, డబ్బు వ్యవహారాలు ఎలా నడవాలో ఆయన మాట ఆయనే చెప్పగలిగిన ఇప్పుడే తేల్చుకోవడం మంచిదనీ డాక్టరు చెప్పాడు.

తిరుగుబస్సులో బుచ్చిరాములు ముందుసీటు మీద వేళ్లతో తాళం వేస్తూ, కండక్టరు టికెట్లు కొట్టడం చూస్తూ కూర్చున్నాడు. మంథనిలో దిగుతూనే, "నాకు ఉపాయం దొరికింది," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వాహెద్ ప్రెస్సుకు వెళ్లాడు. వాహెద్ పెండ్లి కార్డులు అచ్చువేస్తాడు. బుచ్చిరాములుకు పాత స్నేహితుడు.

"టికెట్లు గొట్టాలె వాహెద్. పాల టికెట్లు, కరెంటు టికెట్లు, గ్యాసు టికెట్లు, కూరగాయల టికెట్లు. ఎవరికి పైసలిచ్చినా టికెట్టు చింపి ఇస్త. మిగిలిన అద్ద ముక్క కట్టకే, నాకాడ ఉంటది. ఆ నెల పాల టికెట్టు చినిగిందంటె పైసలు పోయినట్టే. మల్ల ఇయ్య."

"అరె వా! దిమాగ్ మస్తు పనిచేస్తున్నది గద రాములన్నా," అన్నాడు వాహెద్.

రెండు రోజుల్లో కట్టలు తయారయ్యాయి. అచ్చుకూలి పుచ్చుకున్న వాహెద్, "మొదటి టికెట్టు నాకే గొట్టు," అని అడిగి మరీ తీసుకొని గోడకు అంటించుకున్నాడు. మరుసటి రోజు పొద్దున్నే బుచ్చిరాములు మళ్లీ వచ్చాడు.

"టికెట్లు గొట్టాలె వాహెద్."

వాహెద్ గోడ మీది టికెట్టు చూపించాడు. "అయిపోయినయ్ అన్నా. కట్టలు నీ ఇంట్లనే ఉన్నయ్."

"గింత జల్దినా!" అని బుచ్చిరాములు ఆశ్చర్యపోయి వెళ్లిపోయాడు. ఆ వారమంతా ఆయన వస్తూనే ఉన్నాడు, వాహెద్ పని చురుకుదనానికి మురిసిపోతూనే ఉన్నాడు. తన వృత్తిలో ఇంత మెచ్చుకోలు ఎన్నడూ పొందలేదని వాహెద్ పద్మలతతో చెప్పి నవ్వాడు.

పద్మలత ఒక్క షరతు పెట్టింది. పెద్ద వస్తువులకు టికెట్టు ఉండదు. అలాంటిదేమైనా కొనాలంటే తనకు ఫోను చేయాలి. బుచ్చిరాములు ఒప్పుకున్నాడు. "స్పెషల్ బస్సు తియ్యాల్నంటె డిపోను అడగాలె గద," అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

పాత తోలుసంచి అటక మీంచి దిగింది. వాడకు వాడంతా ప్రయాణికులయ్యారు.

"నాకెందుకు తాతా టికెట్టు? నేను యాడికి పోవాలె?" అంది కూరగాయలమ్మే కోమల, మొదటిరోజు.

"నువ్వు యాడికీ పోకు. నీ పైసలు మాత్రం టికెట్టు లేకుంట నా సంచిలకెల్లి దిగవు."

వెంకటి నెల మధ్యలో వేళాకోళానికి, "తాతా, పాల పైసలు?" అంటే, బుచ్చిరాములు కట్ట తీసి, చినిగిన అద్ద వాడి ముక్కు దగ్గర పెట్టి, "ఒక్క టికెట్టు మీద రెండుసార్లు ఎక్కుతవా?" అని వాడిని గేటు దాకా తరిమాడు. నడుమునొప్పికి మంత్రబెల్టు అమ్మడానికి ఒకడు వచ్చి గంటసేపు పొగిడి పొగిడి చెప్పాడు. బుచ్చిరాములుకు బెల్టు తెగ నచ్చింది. కట్టలన్నీ తిప్పి చూశాడు. బెల్టు టికెట్టు లేదు. "టికెట్టు లేకున్నా పైసలియ్యొచ్చు గద పెద్దమనిషీ," అన్నాడు వాడు. ఆ మాటతో బుచ్చిరాములు లేచి నిలబడ్డాడు. టికెట్టు లేకుండా ప్రయాణించడం నేరమనీ, స్టాఫయినా పాసు చూపించాల్సిందేననీ వీధంతా వినబడేలా చెప్పి వాడిని బెల్టుతో సహా దింపేశాడు.

ఇలా నాలుగైదు నెలలు సాఫీగా నడిచింది. పద్మలతకు కూడా ధైర్యం వచ్చింది. శివరాత్రి దగ్గరపడ్డాక ఒకరోజు మాత్రం వ్యవహారం తలకిందులైంది.

ఆ రోజు కరెంటు బిల్లు కట్టి, సంచి భుజానికుండగా బుచ్చిరాములు బస్టాండు మీదుగా ఇంటికి వస్తున్నాడు. ప్లాట్‌ఫారం మీద పెద్దపల్లి బస్సు ఉంది. వేములవాడ జాతరకు పోయేవాళ్లు పెద్దపల్లిలో మారడానికి మూటలతో కిక్కిరిసి ఉన్నారు. ఆయన కాళ్లు ఆయనను అడగకుండానే బస్సెక్కాయి. చెయ్యి కూడా అడగకుండానే డోరు మీద కొట్టింది. "రైట్! రైట్!"

ఆ గొంతులోని అధికారం విని డ్రైవరు వెనక్కి తిరిగి చూడకుండానే గేరు వేశాడు. అసలు కండక్టరు మమతారాణి ఆఫీసులో కాగితం మీద టైము వేయించుకొని బయటికి వచ్చేసరికి బస్సు గేటు దాటుతోంది.

లోపల బుచ్చిరాములు సంచి సవరించుకొని పని మొదలుపెట్టాడు. "టికెట్, టికెట్! జర లోపలికి జరగున్రి!" ముందువరుసలోని ఒక ముసలామెకు చెయ్యి చాపాడు.

"ఆడోళ్లకు ఫ్రీ గద," అంది ఆమె ఆధార్ కార్డు చూపిస్తూ.

"ఫ్రీయా? ఎవరి అయ్య బస్సే ఇది?"

"ఏ లోకంల ఉన్నవయ్యా నువ్వు? సర్కారు ఫ్రీ జేసి ఎన్నొద్దులాయె!"

బస్సులో సగానికి పైగా ఆడవాళ్లే. అందరూ ఒక్కసారే కార్డులు ఎత్తారు. ఇంతమంది ఒక్కమాట మీద అబద్ధం చెప్పడం బుచ్చిరాములు తన సర్వీసులో చూడలేదు. అయినా టికెట్టు లేకుండా ఎవరినీ కూర్చోనివ్వలేక, తలా ఒక కూరగాయల టికెట్టు ఊరికే చింపి ఇచ్చాడు. మగవాళ్ల దగ్గర పాత చార్జీ తీసుకొని గ్యాసు టికెట్లు ఇచ్చాడు. చార్జీ అంత తగ్గినందుకు వాళ్లు ఏమీ అడగలేదు.

ఊరు దాటాక ఒక ఆటో అడ్డంగా వచ్చి ఆగింది. మమతారాణి అందులోంచి దూకి, రొప్పుతూ బస్సెక్కింది.

"టికెట్ తీస్కోవాలె బిడ్డా," అన్నాడు బుచ్చిరాములు.

"నేను కండక్టర్ను!" అని అరిచింది ఆమె.

బుచ్చిరాములు ఆమె ఖాకీ చొక్కా చూశాడు. చేతిలోని మిషను చూశాడు. తన చేతిలో కూరగాయల కట్ట చూసుకున్నాడు.

"మరి నేనెవర్ని?" అన్నాడు.

ముందు బస్సంతా నవ్వింది. ఆయన నవ్వడం లేదని చూసి ఒక్కొక్కరే మానేశారు. మమతారాణి కోపం ఎటు పోయిందో పోయింది. ఆయన భుజం మీద చెయ్యి వేసి తన సీట్లో కిటికీ పక్కన కూర్చోబెట్టింది. సంచిలో చార్జీలు ఉన్నంతవరకు తీసుకొని, తక్కువపడినవి మగవాళ్ల దగ్గర నవ్వుతూనే వసూలు చేసి, అందరికీ మిషను టికెట్లు కొట్టింది. తర్వాత సంచి మీద పద్మలత రాసి ఉంచిన నంబరుకు ఫోను చేసింది.

పెద్దపల్లి బస్టాండులో పద్మలత మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చింది. మమతారాణికి ఆటో కిరాయి ఇవ్వబోతే ఆమె పుచ్చుకోలేదు. "ఫికర్ జెయ్యకక్కా. డ్రైవర్‌కు మాత్రం 'రైట్' అన్నది ఎవరో తిరిగి చూస్కొమ్మని చెప్పిన," అని డ్యూటీకి వెళ్లిపోయింది.

తండ్రీకూతుళ్లు బెంచీ మీద కూర్చున్నారు. ఇక కార్డు తీసుకోక తప్పదని పద్మలత దారంతా అనుకుంటూనే వచ్చింది. తీరా ఆయన ముఖం చూశాక ఆ మాట పక్కన పెట్టి, ఆయన భుజం మీది సంచి పట్టీ సరిచేసింది. బుచ్చిరాములే మొదలుపెట్టాడు.

"ఇయ్యాల భయమైంది బిడ్డా."

"నాకు గూడ అయింది బాపూ."

"నా సంచి గుంజుకుంటె నేను బతుకలేను. గట్లని ఒక్కన్నే డ్యూటీ జేస్తె బస్సు యాడికి పోతదో తెల్వది." లేచి నిలబడ్డాడు. "బ్యాంకుకు పోదాం పా. ఇప్పుడే."

"ఇప్పుడా? జర కూసో, చాయ్ తాగుదాం."

"చాయ్ తాగేటాల్లకు మర్చిపోతె?"

బ్యాంకులో ఆఫీసరమ్మ ముందు ఆయన స్పష్టంగా మాట్లాడాడు. దాచుకున్న సొమ్ములో ఏది కదిలించాలన్నా ఇద్దరి సంతకాలూ ఉండాలి. నెలనెలా కొంత మాత్రం తన పేరున ఉన్న చిన్న ఖాతాలోకి దానంతటదే రావాలి. కార్డు ఆ చిన్న ఖాతాది మాత్రమే తన దగ్గర ఉంటుంది. మెసేజీలు ఇద్దరి ఫోన్లకూ పోవాలి. కానీ ఆ చిన్న ఖాతాలోంచి తాను ఏం కొన్నా కూతురు అడ్డు చెప్పకూడదు.

"తొందరేం లేదు, ఆలోచించుకొని రండి," అంది ఆఫీసరమ్మ.

"మర్చిపోయినంక వద్దామంటె, ఏం చెప్పాల్నో గూడ మర్చిపోత తల్లీ. గందుకే గిప్పుడొచ్చిన," అన్నాడు బుచ్చిరాములు.

ఆమె అక్కడికక్కడే కాగితాలు తీసింది.

ఆ తర్వాత బుచ్చిరాములు మంథనిలోనే ఉన్నాడు. జ్ఞాపకం మెరుగుపడలేదు, కొంచెం కొంచెంగా జారుతూనే ఉంది. బస్టాండు వైపు వెళ్లాలనిపించినప్పుడు వాహెద్‌ను తోడు తీసుకుంటాడు. పాలకు, కరెంటుకు లోటు రాలేదు. నెలాఖరున చిన్న ఖాతాలో ఏమైనా మిగిలితే అది ఆయన ఇష్టం. పద్మలత ఫోనులో ఒక్కోసారి విచిత్రమైన మెసేజీలు మోగుతుంటాయి. ఆమె పళ్లు బిగించి బట్టలు కుట్టుకుంటుంది.

మొన్నటి ఆదివారం ఆమె వెళ్లేసరికి వాకిట్లో ఇంత ఎత్తున ఎర్ర కోడిపుంజు, కాలికి తాడుతో, దర్జాగా పచార్లు చేస్తోంది. మిట్టమధ్యాహ్నమైనా గొంతెత్తి కూసింది కూడా. బుచ్చిరాములు గడపలో కూర్చొని దానికి నూకలు చల్లుతున్నాడు.

పద్మలత మాట ఇచ్చిన సంగతి గుర్తుచేసుకొని, అడ్డు చెప్పకుండా, మెల్లగా అడిగింది. "బాపూ, గీ పుంజునెందుకు కొన్నవే?"

బుచ్చిరాములు పుంజును ఎగాదిగా చూశాడు. ఇంకో గుప్పెడు నూకలు చల్లాడు.

"యాదికి లేదు బిడ్డా," అన్నాడు. "గని చూడు ఎంత మంచిగున్నదో!"