రంపానికి ఎన్ని అంగుళాలు

మొండివాడు రాజుకన్నా బలవంతుడని సామెత. ఆ మొండివాణ్ణి కట్టుకున్నవాళ్ల గతేమిటో మాత్రం ఏ సామెతా చెప్పి చావదు. కావాలంటే అడితక్కను అడగండి, చెబుతుంది.

ఆ మొగుడూపెళ్లాలది కట్టెల అడితి. లావు దుంగలు కొని తెచ్చి, పొయ్యిలో పట్టేలా ముక్కలు కోసి, హోటళ్లకీ రొట్టెల బట్టీలకీ అమ్ముతారు. కోసేది అతను, పేర్చేదీ బేరమాడేదీ ఆమె. అందుకే ఆమె ఊరందరికీ అడితక్క. అతని అసలు పేరు ఏనాడో మరుగునపడిపోయింది. మిషన్లు రాని రోజుల్లో ఎంత దుంగనైనా నిలబెట్టి చీల్చేవాడని అందరూ గొడ్డలి అనే పిలుస్తారు. పిలిస్తే అతనికీ ముద్దే.

పాత కోత మిషను ఇంజను పట్టేసింది. కొత్తది కొందామని ఇద్దరూ మిషన్ల కొట్టుకు వచ్చారు. కొట్టులో అడుగు పెట్టినప్పటి నుంచి అడితక్క మనసు మనసులో లేదు. గొడ్డలికి కుడికన్ను ఆనడం లేదని ఆమె అనుమానం.

ఊరికే పుట్టిన అనుమానం కాదది. కొన్నాళ్లుగా అతను చెంబుతో గ్లాసులో పోసే నీళ్లు గ్లాసు పక్కన పడుతున్నాయి. గుమ్మం దాటేటప్పుడు ఎప్పుడూ కుడిభుజమే కొట్టుకుంటోంది. కళ్ల డాక్టరు దగ్గరికి పోదాం పదవయ్యా అంటే, "నా కళ్లకేం రోగం? కోడిగుడ్డు మీద ఈకలుంటే అవి కూడా లెక్కపెట్టి చెప్తా" అని ఎగతాళి. ఇలాంటి మనిషి చేతికి కొత్త మిషనొస్తే ఏమవుతుందో తలుచుకుంటే ఆమెకు అన్నం సయించడం లేదు. అలాగని ముక్కూమొహం తెలియని కొట్టువాడి ముందు "మా ఆయనకి కన్ను కనబడదు" అని ఎలా అంటుంది? పైగా అది ఇంకా అనుమానమే.

గోడ నిండా రంపాల బార్లు వరసగా వేలాడుతున్నాయి. చైను చుట్టూ తిరిగే ఆ పొడుగు ఇనప పట్టీనే బారంటారు. చిన్నది ఈ చివర, పెద్దది ఆ చివర. గొడ్డలి నేరుగా ఆ చివరికి నడిచాడు.

"ఈ ఇరవై నాలుగంగుళాలది బిగించు తమ్ముడూ."

"మీరు కోసే దుంగ ఎంత లావుంటుందన్నా?" అన్నాడు కొట్టువాడు.

"నా నడుమంత."

కొట్టువాడు ఆ నడుముకేసి చూసి నవ్వు దాచుకున్నాడు. "అంత లావువి ఎప్పుడో ఒకటొస్తాయన్నా. రోజూ కోసే కట్టెలకి పదహారు చాలు, మహా అయితే పద్దెనిమిది. దుంగ కన్నా రెండంగుళాలు ఎక్కువుంటే సరిపోద్ది. లావుది తగిలితే అటుసగం ఇటుసగం తిప్పి కోసుకోవచ్చు."

"ఏనుగు దాహానికి చెంచాతో నీళ్లు పోస్తావా? పొడుగు బారైతే తిప్పేదేముంది, ఇటు పెట్టి అటు తీయడమే."

"అది సరే గానీ, బారు పొడుగయ్యేకొద్దీ దాని కొస మనకి దూరమైపోద్ది. ఆ కొస పైభాగం దేనికన్నా తగిలిందనుకో, మిషను మొత్తం ఎగిరి మొహం మీదికొస్తది. కొస ఎక్కడుందో కన్ను కనిపెట్టుకుని ఉండాలి."

కన్ను అన్న మాట వినగానే అడితక్క మొగుడి వైపు చూసింది. అతను గోడ వైపు చూస్తున్నాడు.

"చిన్నదే తీసుకోవయ్యా, బరువు కూడా తక్కువ" అంది, ఏమీ ఎరగనట్టు.

"మోసేది నువ్వా, నేనా?"

అంతే! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా వినడు. ఆమెకు కోపంతో చెవులు వేడెక్కాయి. ఏం మనిషమ్మా ఇతను! ప్రాణం పోయినా పరవాలేదు గానీ పంతం పోకూడదు.

కొట్టు వెనక చిన్న పెరడు. అక్కడ ఇనప స్టాండు మీద ఒక దుంగ పెట్టి ఉంది, కొనేవాళ్లు కోసి చూసుకోవడానికి. కొట్టువాడు మిషనుకు పెద్ద బారు బిగించి, చైను బిగువు చూసి, ఆయిలు పోసి తెచ్చాడు. ఈలోగా ముందు నుంచి ఎవరో కేకేశారు. "ఒక్క నిమిషం అన్నా, నేనొచ్చాక మొదలెడదాం" అని వెళ్లాడు.

గొడ్డలి ఆగే రకమా? దుంగ పెట్టిన తీరు నచ్చలేదంటూ కాలితో తోసి కుడివైపుకు జరిపాడు. దాంతో కోత పడే చోటికి సరిగ్గా వెనక, స్టాండు ఇనప కమ్మీ వచ్చి నిలబడింది. చైను ముందు ఇనుము ఉంచకూడదని అడితిలో పిల్లికి కూడా తెలుసు. ఇన్నేళ్లలో గొడ్డలి అలాంటి పొరపాటు ఎన్నడూ చేయలేదు. అతను ఇంటి నుంచి తెచ్చుకున్న హెల్మెట్టు పెట్టుకుని, మొహం మీదికి జాలీ దించి, చెవులకు మూతలు తగిలించుకుని, తాడు లాగాడు.

మిషను గర్జించింది. పొట్టు ఎగిరింది. బారు దుంగలోకి దిగుతోంది, దాని కొస అవతల కమ్మీ వైపు జరుగుతోంది. అడితక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి.

అరిచి లాభం లేదు, వినపడదు. వెనక నుంచి చెయ్యి వేయకూడదు. కోసేవాడు ఉలిక్కిపడ్డాడంటే రంపం ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. అందుకే వాళ్ల అడితిలో ఒక పద్ధతి ఉంది. ఎంత తొందరైనా సరే, దూరంగా తిరిగి అతని ముందుకొచ్చి, చెయ్యెత్తి నిలబడాలి. అతని చూపు పడగానే మిషను ఆగుతుంది. పెళ్లయిన నాటి నుంచి ఆమె అలా నిలబడుతూనే ఉంది, అతను ఆపుతూనే ఉన్నాడు.

కుడివైపు దగ్గర. అటే పరుగెత్తి, ఎదురుగా చెయ్యెత్తి నిలబడింది.

మిషను ఆగలేదు.

రెండో చెయ్యి కూడా ఎత్తింది. పొట్టు వచ్చి ఆమె పాదాల మీద పడుతోంది. ఒకసారి అతని తల కొంచెం ఇటు తిరిగింది. హమ్మయ్య, చూశాడనుకుంది. ఆ చూపు ఆమె మీదుగా గోడ మీదుగా పోయినట్టు పోయి, మళ్లీ దుంగ మీదికి వెళ్లింది. ఇన్నాళ్లూ అనుమానమేనని సరిపెట్టుకుంది. ఇప్పుడిక ఆ ఆసరా కూడా లేదు.

కొసకూ కమ్మీకీ మధ్య నాలుగు వేళ్ల సందు.

ఏడవడానికి కూడా తీరిక లేదు. అతని వెనక నుంచి, తగలకుండా, దూరంగా చుట్టూ పరుగెత్తింది. కొంగు దేనికో పట్టుకుంటే చర్రున చింపుకుని లాక్కుంది. ఎడమవైపు నుంచి ముందుకొచ్చి రెండు చేతులూ ఎత్తింది.

వెంటనే అతని వేలు మీట మీద నుంచి లేచింది. బ్రేకు పడింది. చైను ఆగింది.

"ఏమేవ్, కోత మధ్యలో ఏంటది?" అన్నాడు ఇంజను ఆపి, జాలీ, చెవిమూతలు పైకెత్తి, చిరాగ్గా.

ఆమె వేలితో బారు కొసను చూపించింది. అది చూడటానికి అతను తల మొత్తం కుడివైపుకు తిప్పుకోవాల్సి వచ్చింది. కొస పక్కనే ఇనప కమ్మీ. మధ్యలో చిటికెన వేలు కూడా పట్టదు.

వేలితో ఆ కమ్మీని తడిమాడు.

"అదెప్పుడొచ్చింది అక్కడికి?"

"నువ్వే తెచ్చావు. నేను ముందు అటొచ్చి నిలబడ్డా" అంది ఆమె. "రెండు చేతులూ ఎత్తి నిలబడ్డా. నా వైపు చూశావు కూడా."

అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఆమెకు ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది. "నీ పంతం మండిపోను! నా కళ్ల ముందే పోదామనుకున్నావా? నేనేమైపోవాలి? చెప్పు, నేనేమైపోవాలి?" అంటూ అతని రొమ్ము మీద గుద్దింది, ఏడుస్తూనే. అతను అడ్డుకోలేదు.

"ఎండాకాలం నుంచి ఆ పక్కంతా మసగ్గా ఉందే" అన్నాడు చివరికి. "చెప్తే మిషను ముట్టుకోనివ్వవని..."

"మరి ముట్టుకోనిస్తానా?"

"ఇవ్వవు. నాకు తెలుసు. ఇది లేకపోతే నేనెందుకు పనికొస్తానే?"

ఆమె గుద్దిన చెయ్యి అతని రొమ్ము మీదే ఉండిపోయింది. ఇంతలో కొట్టువాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. సగం తెగిన దుంగను చూశాడు గానీ, ఆమె మొహం చూడలేదు.

"అప్పుడే మొదలెట్టేశారా? ఎలా ఉందన్నా? ఇరవై నాలుగే ఖాయం చేయమంటారా?"

గొడ్డలి మిషను నేల మీద పెట్టాడు.

"నన్నడక్కు తమ్ముడూ. అక్కనడుగు. ఇకనుంచి కోసేది అక్క."

అడితక్క బిత్తరపోయింది. అతను చిన్న బారు తీసుకుంటానంటే చాలనుకుని వచ్చిన మనిషి. "నేనా?" అంది. "నాకేం తెలుసు?"

"దుంగలన్నీ నీ చేతుల మీదుగానే పోయాయి. నీకు తెలియందేముంది? మిగతాది నేను చెప్తా."

కొట్టువాడు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఇంకేమీ అడగకుండా లోపలికెళ్లి పదహారంగుళాల బారున్న తేలిక మిషను తెచ్చిచ్చాడు. ఆమె భయంభయంగా పట్టుకుంది.

"అలా కాదే! బొటనవేలు పిడి కిందికి పెట్టు. పిడి చుట్టూ పిడికిలి బిగించాలి. ఆఁ, అలా. నీ పీకకి ఎదురుగా పట్టుకుంటావేం, కొంచెం పక్కకి!" అని కసిరాడు గొడ్డలి.

తర్వాత తన హెల్మెట్టు తీసి ఆమె తలకు పెట్టాడు. గడ్డం కింద పట్టీ తగిలించబోతే కొక్కెం దొరకలేదు, వేళ్లు పక్కకు పోయి ఆమె చెంపకు తగిలాయి. మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ తప్పింది. తను పెట్టుకోవడానికి ఆమెకు క్షణం పట్టదు. కానీ మిషను రెండు చేతులా పట్టుకుని, గడ్డం కొంచెం పైకెత్తి, కదలకుండా నిలబడింది. అతను తడుముకుంటూ, తడుముకుంటూ, పట్టీ పెట్టేదాకా.