నాలుగు జాడల పికప్పు

నవంబరులో మొదటి మంచు పడిన రోజునుంచే ఐలా పికప్పు ఊరికి పిరుదులు చూపించడం మొదలుపెట్టింది.

మాట మోటుగా ఉన్నా జరిగింది అదే. కో-ఆప్ కొట్టు ముందు రోడ్డు కుడికి తిరుగుతుంది. ముందు చక్రాలు బుద్ధిగా కుడికి వచ్చేవి. వెనకభాగం మాత్రం సర్రున ఎడమకి జారి, రోడ్డుకి అడ్డం తిరిగి, లోపల కిటికీ పక్కన కాఫీ తాగుతున్న మగాళ్ళకి ఓ దర్శనం ఇచ్చి, అప్పుడు దారిలో పడేది. నేను ఆ కొట్లో గల్లా దగ్గర కూర్చుంటాను కనక రోజూ చూసేదాన్ని.

ఐలా ఆషామాషీ డ్రైవరు కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ స్కూలు బస్సే నడిపింది. సుపీరియర్ సరస్సు మీదినుంచి మంచు గోడలా వచ్చి పడే మా కివిలా రోడ్ల మీద ఊళ్ళో సగంమందిని, ముక్కు చీదుకునే వయసులో, బడికి చేర్చింది ఆవిడే. ఆ బస్సు ఒక్కసారి కూడా కాలవలో దిగలేదు. అలాంటి మనిషి ఇప్పుడు సొంత బండిలో తాగుబోతులా ఊగుతూ వస్తుంటే మావాళ్ళకి పండగే కదా.

అందరికన్నా ఎక్కువ పండగ ఉర్హోకి. ఉర్హో ఆవిడ మాజీ మొగుడు. విడాకులు ఎప్పుడో కోర్టులో అయిపోయాయి గాని, దెబ్బలాట మాత్రం మా కో-ఆప్‌లో నడుస్తూనే ఉండేది. తర్వాత హిల్మాని చేసుకున్నాడు. అయినా ఐలా పికప్పు మీద తనకేదో హక్కున్నట్టు, ఆవిడ ఊళ్ళో లేనప్పుడల్లా తాళాలు ఎక్కడ దాస్తుందో తెలుసు కనక బండి తీసుకుపోయేవాడు.

"బండిలో ఏదో తేడా ఉంది," అంది ఐలా ఒకరోజు, బూట్లకున్న మంచు దులుపుకుంటూ.

"ఆడలేక మద్దెల ఓడు," అన్నాడు ఉర్హో, కాఫీలోంచి తలెత్తకుండానే.

"నువ్వు నోరుముయ్యి. రేనో, నువ్వు చెప్పు. ఏమై ఉంటుంది?"

రేనో మా ఊరి మెకానిక్కు, ఐలాతో కలిసి చదువుకున్నవాడు. యాలకుల రొట్టె కాఫీలో ముంచుకుంటూ, కిటికీలోంచి బండివైపు ఒక్క చూపైనా విసరకుండా, "టైర్లు," అన్నాడు. రేనో టైర్లు అమ్ముతాడు మరి. ఇంట్లో పిల్లాడికి దగ్గొచ్చినా టైర్లు మార్చమనే రకం.

ఐలా మంచు టైర్లు వేయించింది. కొత్త టైర్ల మీద మరింత హుందాగా అడ్డం తిరిగింది బండి.

గాలి ఎక్కువైందన్నారు. తగ్గించింది. అది వెనక చక్రాలతో తోసుకుపోయే పాతకాలపు బండి, నాలుగు చక్రాలూ లాగే రకం కాదు. ఖాళీ తొట్టితో వెనక చక్రాలకి పట్టేం దొరుకుతుంది, బరువు వెయ్యమన్నారు. అది నిజమే. మా వైపు శీతాకాలంలో ఇసక మూటలు లేని పికప్పు ఉండదు. మూటలు ఇరుసుకి సరిగ్గా పైన పేర్చింది. ఆగిన చోటునుంచి కదలడం కాస్త మెరుగైంది. మలుపులో మాత్రం అదే నాట్యం.

"ఇంకో మూట డ్రైవరు సీట్లో పెట్టు," అన్నాడు ఉర్హో. "నువ్వు పక్కన కూర్చో. అదే బాగా నడుపుతుంది."

కిటికీ దగ్గర అందరూ బల్ల గుద్ది నవ్వారు. ఐలా ఉర్హో ముందున్న రొట్టె తీసుకుని తినేసి వెళ్ళిపోయింది.

తర్వాత రేనో షాక్ అబ్జార్బర్లు అరిగాయన్నాడు. అవి నిజంగానే అరిగాయి. మార్చాడు. గతుకుల్లో ఎగరడం తగ్గింది, అంతే. అప్పుడు ఐలా వాడి గ్యారేజీలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇదిగో విను. ఎడమకి తిప్పితే మహా పతివ్రత. కుడికి తిప్పితేనే బజారున పడుతోంది. తిన్నగా పోవాలన్నా స్టీరింగు కాస్త ఎడమకి పట్టుకోవాలి. పట్టు లేకపోతే రెండువైపులా జారాలి కదరా? ఒకవైపే జారుతోందంటే ఎక్కడో వంకరుంది."

"స్టీరింగే కదా, సరిచేస్తాలే," అన్నాడు రేనో. ముందు చక్రాలు అటూ ఇటూ సర్ది, స్టీరింగు తిన్నగా కనబడేట్టు చేశాడు. వెనక్కి మాత్రం వంగి చూడలేదు. నడుం నొప్పి అన్నాడు.

స్టీరింగు తిన్నగా ఉంది. బండి మాత్రం తన వంకర తను మానలేదు. చివరికి ఐలా చేతులే దానికి అలవాటుపడిపోయాయి. కుడి మలుపు రాగానే, తోక జారకముందే, స్టీరింగు ఓసారి ఎడమకి విదిలించి దాన్ని పట్టుకునేది. చూసేవాళ్ళకి మాత్రం ముసలిది మతి పోయి మెలికలు తిరుగుతున్నట్టే ఉండేది.

అంతలో ఉర్హో చచ్చిపోయాడు.

జింకల వేట రోజులు. మగాళ్ళంతా అడవిలో గుడిసెల్లో ఉన్నారు. వేటకన్నా అక్కడ పేకాటే ఎక్కువ. ఉర్హో ముక్కలు చేత్తో పట్టుకుని, తల కాస్త వంచి, అలాగే పోయాడు. చేతిలో గెలిచే ముక్కలున్నాయట. ఆట పూర్తిచేసుకున్నాకే తనకి ఫోను చేశారని హిల్మా ఈనాటికీ అంటుంది. నిద్రపోతున్నాడేమో అనుకున్నాం, ఆటలో అలా పడుకోవడం ఆయనకి మామూలేగా అని వాళ్ళంటారు.

అంత్యక్రియల ఉదయం మంచు తెరిపి లేకుండా కురిసి, సరిగ్గా చర్చిలో పాట అయ్యేసరికి ఆగింది. శ్మశానం గుట్ట మీదుంది. పట్నంనుంచి వచ్చిన నల్లటి శవవాహనం చర్చి ఆవరణ దాటకుండానే కాలవలోకి ఒరిగి, ఎంత గింజుకున్నా పైకి రాలేదు. దాని డ్రైవరు సన్నటి బూట్లతో దాని చుట్టూ తిరుగుతూ ఎవరినో తిట్టుకుంటున్నాడు. మిగతా పికప్పుల తొట్లు అప్పటికే జింకలతో నిండి ఉన్నాయి. అడవినుంచి తిన్నగా చావుకి వచ్చినవాళ్ళు మరి. పాస్టరు గారు ఆ తొట్లవంకా శవపెట్టెవంకా చూసి, కళ్ళు మూసుకున్నారు. ఆయన దక్షిణంనుంచి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు, ఇంకా మాకు అలవాటుపడలేదు.

ఖాళీగా ఉన్న పొడవు తొట్టి ఐలా బండిదొక్కటే.

"దాని బండిలోనా!" అంది హిల్మా ఏడుపు ఆపి. "అది నడుపుతుంటే చచ్చినా ఎక్కనని ఎన్నిసార్లు అన్నాడో!"

"చచ్చాడుగా," అంది ఐలా. "ఎక్కుతాడు."

పెట్టెని ఎత్తి ఇసక మూటల మధ్య ఇరికించారు. పాస్టరు గారు ముందు ఐలా పక్కన కూర్చున్నారు. వెనక రేనో కారులో హిల్మా ముందు సీట్లో, నేను వెనక సీట్లో. మా వెనక మిగతా ఊరు.

ఐలా ధైర్యంగానే ఉందట. తర్వాత చెప్పింది నాతో. ఉర్హో తేలిక మనిషేం కాదు. ఓక్ చెక్క పెట్టె, ఇసక, ఉర్హో. ఇంత బరువు మీద పడితే ఏ చక్రమైనా నేలని పట్టుకుని తీరాలి. ఇన్నాళ్ళకి నా పనికొచ్చాడు వెధవ అనుకుందట.

సగం గుట్ట దాకా బండి గట్టిగా పట్టుకుని ఎక్కింది. అక్కడ దారి కుడికి తిరుగుతుంది. ఐలా స్టీరింగు తిప్పింది. తోక ఎడమకి సర్రున జారింది. ఆ బరువుకి మరీ గట్టిగా జారి, పెట్టె గుట్ట అంచువైపు తిరిగింది. తెరిచిన కిటికీలోంచి పాస్టరు గారి గొంతు మా దాకా వినబడింది.

"గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను... ఐలా గారూ, ఐలా గారూ!"

"లోయ అటుంది, మీరు ఇటు చూడండి," అని ఐలా స్టీరింగు విదిలించి బండిని దారిలోకి లాగింది.

మా కారులో హిల్మా గుండెమీద చెయ్యి వేసుకుని ముందుకు వంగింది. కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. ఏడుపు ఆగిపోయింది.

"రేనో, ఆ బండి పక్కకి నడుస్తోందేంటి?"

"జారుతోందమ్మా. మంచు కదా."

"జారడం కాదయ్యా. ఇప్పుడు తిన్నగానే పోతోందిగా. కింద చూడు. జాడలు చూడు."

నేనూ తల ముందుకు పెట్టి చూశాను. అప్పుడే కురిసిన మంచు, ఎవరూ తొక్కనిది. తిన్నగా నడిచే బండైతే వెనక చక్రాలు ముందు చక్రాల జాడలోనే పడతాయి, రెండే చాళ్ళు కనబడతాయి. ఐలా బండి వెనక నాలుగు చాళ్ళున్నాయి. వెనక చక్రాలు తమ దారిన తాము, ముందు చక్రాలకి ఎడంగా నడుస్తున్నాయి. కుక్క పరుగెత్తేటప్పుడు ఒళ్ళు ఏటవాలుగా పెడుతుందే, అచ్చం అలా.

రేనో మెడ ఎర్రబడింది.

గుట్టమీద ఐలా బండి ఆపగానే, పెట్టె దింపడానికి వచ్చినవాళ్ళని రేనో చెయ్యెత్తి ఆపాడు. పెళ్ళికీ చావుకీ వేసుకునే ఒకే ఒక్క సూటుతో మంచులో వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. బూట్లు మాత్రమే బయట కనబడుతున్నాయి. ఊరంతా టోపీలు చేత్తో పట్టుకుని, శవాన్ని వదిలేసి ఆ బూట్లకేసి చూస్తూ నిలబడింది.

"ఐలా," అన్నాడు కిందినుంచి. "వంగి చూడు."

ఐలా మోకాళ్ళ మీద కూర్చుంది. ఆవిడ పక్కన హిల్మా కూడా, నల్లబట్టలతో.

"ఈ ఎడమ కమాను పట్టీలన్నిటినీ కలిపి పట్టుకునే నడిమి బోల్టు ఇదీ. ఇరుసు కదలకుండా చోటుమీద నిలబెట్టేది ఇదే. తెగిపోయింది. ఇరుసు ఈ వైపు రెండు వేళ్ళ మందం వెనక్కి జరిగింది. అందుకే వెనక చక్రాలు ఎప్పుడూ ఎడమకే తోస్తున్నాయి."

"ఇన్నాళ్ళూ అది అక్కడే ఉందిగా," అంది ఐలా. "నువ్వే కిందికి రాలేదు."

"రాలేదు," అన్నాడు రేనో.

"ఊరికే తెగుతుందా అది?"

"ఊరికే ఎందుకు తెగుతుంది. ఎవరో మొయ్యలేనంత బరువేసి గుంటలో దింపి ఉండాలి. ఒక్కసారే, ఢామ్మని తెగి ఉండాలి. నువ్వు వినలేదా?"

"నా చేతిలో ఎప్పుడూ ఢామ్మనలేదు."

హిల్మా లేచి నిలబడింది. స్కర్టుకి అంటిన మంచు దులుపుకుంది. దులుపుకుంటూనే ఉంది.

"ఏమే?" అంది ఐలా.

"ఎండలు తగ్గాక నువ్వు మీ చెల్లెలి దగ్గరికి వెళ్ళావే, అప్పుడు," అంది హిల్మా. "పాత గనినుంచి బండరాళ్ళు తెచ్చాడు. ఒకేసారి తెచ్చేద్దాం, రెండోసారి ఎవడు తిరుగుతాడన్నాడు. తొట్టి నేలకి రాసుకుంటూ వచ్చింది. గని దారిలో తుపాకి పేలినట్టు మోగింది. ఏంటయ్యా అది అంటే రాయి దొర్లిందన్నాడు. ఐలాకి చెప్పకు, ఊరికే గోల చేస్తుందన్నాడు."

ఐలా తొట్టి దగ్గరికి వెళ్ళి, పెట్టె మూత మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది.

"ఓరి వెధవా! నువ్వు విరగ్గొట్టి నాకు ఇసక మూటతో సామ్యమా? పొద్దున్నే నా ఎదురుగా కూర్చుని, కాఫీ తాగుతూ!"

"ఐలా గారూ," అన్నారు పాస్టరు గారు నెమ్మదిగా. "ఇది అంత్యక్రియలండీ."

"తెలుసండీ. అందుకే మెల్లగా కొట్టాను."

ముందుగా నవ్వింది హిల్మా. ఏడుపూ నవ్వూ కలిసి ముక్కులోంచి వచ్చే నవ్వు. దాంతో వేటగాళ్ళంతా టోపీలు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత పెట్టె దింపాం. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. పాస్టరు గారు రాసుకొచ్చిన మాటల్లో "ఇరుగుపొరుగుల ఆస్తిని తన ఆస్తిలా చూసుకున్న మనిషి" అని ఒకటుందట. ఆ చోటికి వచ్చేసరికి ఆయన గొంతు సవరించుకుని, కాయితం తిప్పేసి, ఆమెన్ అనేశారు. మా ఊళ్ళో ఇంత త్వరగా ముగిసిన చావు ఇంకోటి లేదు.

రేనో ఆ వారంలోనే ఇరుసు చోటుకి జరిపి, కొత్త బోల్టు వేసి, కమానుల్ని ఇరుసుకి బిగించే యూ బోల్టులు కూడా మార్చి, ముందు చక్రాలు మళ్ళీ సర్దాడు. ఈసారి వెనకాల కూడా కొలిచాడు. టైర్ల ఊసెత్తలేదు.

కొత్త బోల్టుతో బండి బయటికి వచ్చిన రోజున ఐలా తిన్నగా హిల్మా ఇంటికి వెళ్ళి హారను కొట్టింది. "ఎక్కవే. ఎలా నడుస్తోందో చూద్దువుగాని." హిల్మా ఎక్కింది. ఇద్దరూ కో-ఆప్ వైపు వచ్చారు. కిటికీ దగ్గర మగాళ్ళు కప్పులు దింపి సిద్ధంగా కూర్చున్నారు. నేను గల్లా వదిలి తలుపు దగ్గరికి వచ్చాను.

బండి కుడి మలుపు దగ్గరికి వచ్చింది. బాణంలా ఉంది. ఐలా చేతులకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అవి అలవాటు కొద్దీ తోక జారకముందే స్టీరింగు ఎడమకి ఒక్క విదిలింపు విదిలించాయి. జారడానికి తోక లేదు. పికప్పు బుద్ధిగా, ఆవిడ చెప్పినట్టే, రోడ్డు దాటి ఎడమపక్కనున్న మంచు గుట్టలోకి దూరి దీపాల దాకా కూరుకుపోయింది.

మేమంతా పరుగెత్తాం. ఎవరికీ ఏం కాలేదు. ఐలా రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి దాన్ని తేరిపార చూస్తోంది.

"తిన్నగా ఉన్న బండిని ఎలా నడపాలో మర్చిపోయానే," అంది.

"దిగు," అంది హిల్మా.

"ఏంటి?"

"దిగి ఇటు రా. నేను నడుపుతా."

"నీకు మంచులో నడపడం వచ్చా? ఆయన నీ చేతికి ఎప్పుడూ తాళాలే ఇవ్వలేదుగా!"

"ఇవ్వలేదు. అందుకే నాకు చెడ్డ అలవాట్లేం లేవు. జరుగు."

ఐలా దిగి బండి చుట్టూ తిరిగి ఇటుపక్క ఎక్కింది. హిల్మా సీటు ముందుకు లాక్కుంది, అద్దం సర్దుకుంది, వెనక్కి గేరు వేసి నెమ్మదిగా, కోడిగుడ్ల బుట్ట మోస్తున్నట్టుగా, బండిని బయటికి తీసింది. మా అందరినీ దాటుకుని కుడికి తిప్పింది. మలుపు దాటాక వెనక చక్రాలు ముందు చక్రాల జాడల్లోనే నడిచాయి.

"గాలి ఆడట్లేదు, నీ వైపు కిటికీ అద్దం కూడా కాస్త దించు," అని ఐలాతో అంటోంది హిల్మా వెళ్తూ వెళ్తూ.