చివరి అర చుట్టు

ల్యాబులో పరీక్షలు చేసే అమ్మాయి గాజు గొట్టాన్ని దీపం వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. మిషన్‌లో గిర్రున తిప్పాక రక్తం అడుగుకు దిగి, పైన తేరిన నీరు లేత పసుపుగా ఉండాలి. అది ఎర్రగా ఉంది. ఇంకోటి ఎత్తింది. అదీ అంతే.

"దారిలో బాగా అదిరినట్టుంది అక్కా. కణాలన్నీ చితికిపోయాయి. ఇప్పుడు వీళ్ళందరినీ మళ్ళీ పిలిచి సూది గుచ్చాలి," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఇంకొక్క పెట్టె ఇలా వస్తే నీ రూటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని సారు చెప్పమన్నారు. నన్ను తిట్టుకోకు."

క్లినిక్కులన్నీ తిరిగి రక్తం గొట్టాలు తెచ్చి ల్యాబులో అప్పగించడం నా పని. మా ఆయన జ్వరంతో పోయాక నన్నూ మా అత్తగారినీ పోషిస్తున్నది ఆయన బండీ, ఈ రూటూ.

పాత సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లులు పడితే, మా మరిది బయట కంపెనీది ఒకటి తెచ్చి బిగించాడు. తళతళలాడేది. కానీ అది వచ్చిన దగ్గర్నుంచి ఇంజను అదురంతా వెనక ఫ్రేములోకి, అక్కడినుంచి నా పెట్టెలోకి పాకింది. అద్దంలో వెనక వచ్చే ఒక్క బస్సు రెండు బస్సులుగా కనిపించేది.

ల్యాబు నుంచి తిన్నగా మెకానిక్ దగ్గరికి పోయాను. అతను నిలబడితే నా భుజం దాకా వచ్చే మనిషి, అందరూ పొట్టి మేస్త్రి అంటారు. సైలెన్సర్‌ను ఫ్రేముకి పట్టి ఉంచే పట్టీని చూసి నవ్వాడు.

"ఇనుముకి ఇనుము మొహం పెట్టి బిగిస్తే పోట్లాడుకోవా మరి? అత్తాకోడళ్ళని ఒకే పీట మీద కూర్చోబెట్టినట్టుంది."

"మా ఇంట్లో ఆ గొడవ లేదులే. పని చూడు."

పట్టీకి అటొకటి, ఇటొకటి లావుపాటి రబ్బరు బిళ్ళలు పెట్టి, మధ్యలోంచి బోల్టు దూర్చాడు. నట్టు తిప్పుతూ తిప్పుతూ, రబ్బరు కాస్త ఉబ్బగానే ఆపేశాడు.

"ఇంతే. చేత్తో ఊపితే సైలెన్సర్ కొంచెం ఊగాలి. ఊగలేదంటే రబ్బరు చచ్చినట్టే. గుర్తుపెట్టుకో అక్కా."

ఆ రోజు బండి వెన్నలా నడిచింది. ల్యాబు అమ్మాయి ఎత్తిన గొట్టంలో పైన నీరు లేత పసుపుగా తేరింది. ఆ పసుపే నాకు పండగ.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో కుళాయి కారుతోంది. మా ఇంట్లో ఏ కుళాయీ కారకుండా ఉండదు. మా అత్తగారు దేన్నైనా బిగించారంటే అది బిగింపే. ఆవిడ మూత పెట్టిన డబ్బా తీయాలంటే వీధిలోంచి మనిషిని పిలవాలి. కుళాయి తిప్పాక కూడా చివర్లో ఓ అర చుట్టు తిప్పితేగానీ ఆవిడకు నిద్రపట్టదు. లోపలి వాషరు నలిగి, నీళ్ళు ఇంకా ఎక్కువ కారతాయి. అప్పుడు ఇంకో అర చుట్టు.

నాలుగు రోజులు గడిచేసరికి నా అరచేతుల్లో మళ్ళీ చీమలు పాకాయి. పెట్టె మీద చెయ్యి పెడితే జుమ్మంటోంది. ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వెళ్ళి ల్యాబులో ఇచ్చి, బండి తీసుకుని పొట్టి మేస్త్రి దగ్గరికి వెళ్ళాను.

అతను నట్టు విప్పి, రబ్బరు బిళ్ళలను నా చేతిలో పెట్టాడు. అరిగిపోయిన చెప్పు అడుగులా పలచగా అయిపోయి, అంచులు చీలిపోయి ఉన్నాయి.

"ఎవరక్కా బిగించింది? ఏనుగుని పెట్టుకున్నావా ఇంట్లో?"

"నేను ముట్టుకోలేదు."

"మరి నట్టు దానంతటదే తిరిగిందా?"

కొత్త బిళ్ళలు వేసి, ఒక జత విడిగా ఇచ్చాడు. ఇక మా మరిదే అనుకున్నాను. ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను.

"వదినా, నేను మీ ఇంటి వైపు వచ్చి నెల దాటింది," అన్నాడతను. "నీ మీద ఒట్టు. నా మీద వేసుకుంటే నమ్మవుగా."

మర్నాడు తెల్లారి, మామూలుకన్నా ముందే బండి తీద్దామని తలుపు తెరిచాను. వాకిట్లో బండి పక్కన మా అత్తగారు గొంతుక్కూర్చుని ఉన్నారు. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య దోపుకున్నారు. చేతిలో మా ఆయన పానా. ఒక చేత్తో సైలెన్సర్‌ను ఊపి, అది ఊగగానే పళ్ళు బిగబట్టి నట్టు తిప్పారు.

నా కాళ్ళు గడప మీదే ఆగిపోయాయి.

"అత్తయ్యా, ఏం చేస్తున్నారు?"

ఆవిడ ఉలిక్కిపడలేదు. "ఊగుతోందే అమ్మాయ్. రోజూ బిగిస్తున్నా, మళ్ళీ ఊగుతోంది. ఆ మేస్త్రికి పని రాదు."

"రోజూనా?"

"నువ్వు స్నానానికి పోయినప్పుడు. చెబితే వద్దంటావని. బండి మీద నీకేమన్నా అయితే?"

"అది ఊగాలి అత్తయ్యా. ఊగకపోతే నా పెట్టె అదురుతుంది. నా పని పోతుంది. మీ అబ్బాయి పోయింది జ్వరంతో కదా, బండితో కాదుగా."

"జ్వరానికి పానా లేదుగా," అన్నారు ఆవిడ.

ఆవిడ పక్కనే నేలమీద కూలబడ్డాను.

తర్వాత బండి స్టార్టు చేసి, ఆవిడ చేతిని పెట్టె మీద పెట్టాను. ఆవిడ గాజులు గలగలమన్నాయి. ఇంజను ఆపి, నలిగిన బిళ్ళలు తీసి, నా దగ్గరున్న జత వేసి, రబ్బరు ఉబ్బగానే ఆపాను. ఆవిడ వేళ్ళు పానా కోసం ముందుకొచ్చి, వెనక్కి పోయాయి. మళ్ళీ స్టార్టు చేశాను. పెట్టె మీద ఆవిడ చెయ్యి అలాగే ఉంది. గాజులు చప్పుడు చేయలేదు.

"ఇంత వదులుగా ఉండి, దారిలో ఊడదూ?"

"ఊడదు."

ఆవిడ సైలెన్సర్‌ను ఒకసారి ఊపి చూశారు. నేను హెల్మెట్ పెట్టుకుంటుంటే పానాను నా చేతిలో కుక్కారు.

"తీసుకుపో. ఎక్కడ దాచావో నాకు మాత్రం చెప్పకు."