పాచి నోరు

కాపురానికి వచ్చిన కొత్తలో, పళ్లు తోముకోకుండా పొయ్యి దగ్గరికి వెళ్లానని మా అత్తగారు రత్నమ్మ కొత్తకోడలినని కూడా చూడకుండా తిట్టింది. "పాచి నోటితో పొయ్యి ముట్టుకుంటావా? మీ కొనకనమిట్లలో ఇట్లనే నేర్పినారా?" ఇప్పుడు నెలల తరబడి ఆవిడ కొడుకే పొద్దున్నే నన్ను పళ్లు తోముకోనివ్వడం లేదు. ఆవిడ కిక్కురుమనదు.

మా ఆయన సంజీవరావు మార్కాపురం హైస్కూల్లో సైన్సు మాస్టరు. పళ్లు ఎందుకు పుచ్చుతాయో కనిపెట్టి మద్రాసు దొరల చేత శభాష్ అనిపించుకోవాలని ఆయన కోరిక. ఆసుపత్రిలో పీకేసిన పళ్లు అడిగి తెచ్చి గాజు గొట్టాల్లో వేశాడు. ఆ పళ్ల మీద, మన నోట్లో పెరిగినట్టే, పాచి పెరగాలి. దానికి పాచి నోటి ఉమ్మి కావాలి, బెల్లం నీళ్లు కావాలి, నోట్లో ఉండేంత వెచ్చదనం కావాలి. ఉమ్మి నాది. బెల్లం నీళ్లు పోయడం, గొట్టాలు నిలబెట్టిన కుండలో నీళ్లు చల్లారకుండా చూడటం నా పనే. చంటిది పాలకు ఏడ్చినా గొట్టాలకు మాత్రం వేళ తప్పకూడదు. బడి నుంచి రాగానే "ఏంది, గొట్టాలకు పోసినావా?" అంటాడు. నువ్వు తిన్నావా అని ఒక్కనాడూ అడగలేదు.

నేను నోరు పెట్టి తాగిన గ్లాసు తోమందే ముట్టని మనిషి! ఆయన తిన్న పళ్లెంలో నేను తినాలి, నా ఎంగిలంటే ఆయనకు రోత. అదే ఎంగిలి గొట్టంలో పడితే వెలుతురుకు ఎత్తి పట్టుకుని మురిసిపోతాడు.

నా దవడపన్ను పుచ్చి చెంప వాచింది. గంజి తాగినా ప్రాణం పోతోంది. ఆసుపత్రికి పోయి పీకించుకుంటానన్నాను.

"ఇప్పుడే వద్దు దయామణీ. నీ పిప్పిపన్ను వల్లనే గదా గొట్టాల్లో పాచి బాగా పడతా ఉండేది. మద్రాసు నుంచి డాక్టరు దొర వచ్చి చూసిపోనీ."

"ఆయన ఎప్పుడొస్తాడు?"

"క్రిస్మస్ అయినాక."

అత్తగారు అందుకుంది. "పిల్లల్ని కన్న ఆడదానికి పళ్లు పోవడం ఏమన్నా వింతా?"

ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. నా నోట్లో రోగాన్ని ఈయన పాడిగేదెను మేపినట్టు మేపుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున్నే వేపపుల్ల విరిచి వాకిట్లో కూర్చున్నాను. చిగుళ్ల నుంచి నెత్తురు కారుతున్నా ఆపకుండా తోముకున్నాను. పుక్కిలించి ఉమ్మేసరికి ఆయన గొట్టం పట్టుకుని వచ్చాడు.

"ఏందే ఇది! అంతా పాడుచేసినావు!"

"పన్ను పీకించుకునేదానికి ఆసుపత్రికి పోతా ఉండా," అంటూ చంటిదాన్ని చంకనేసుకున్నాను. "కుండలో నీళ్లు చల్లారిపోతాయి, చూసుకోండి."

"మరి ఉమ్మి?"

"మీకూ నోరుంది గదా. రేపట్నుంచి మీరు పళ్లు తోముకోవద్దు."