గోడల్లేని గేటు

నేను ఒక ఇనుప గేటును. రెండు రెక్కలు, ఆరు కీళ్ళు, నడుమ ఒక వంకర గడియ. ఏలూరులో మస్తాన్ అనే వెల్డరు నన్ను చేశాడు. రెక్కలున్నా ఎగరలేను, కీళ్ళు నొప్పెడుతున్నా పడుకోలేను. ఊగడం నా పని. ఊగిసలాట మాత్రం నా యజమానిది.

ఆయన పేరు శేషుబాబు, మార్కెట్ యార్డులో గుమాస్తా. పవర్‌పేటలో మూడు పోర్షన్ల ఇల్లు కట్టి, ఒకదాంట్లో భార్య భ్రమరాంబతో తానుండి, మిగతా రెండూ అద్దెకిచ్చాడు. పోర్షన్ అన్న మాటలోనే పోరు ఉందని నాకు మొదటి వారంలోనే తెలిసొచ్చింది. ఒకరికి ట్యాంకులో నీళ్ళు చాలవు, ఇంకొకరికి వానొస్తే బాత్రూం తలుపు పట్టదు. తాళం నాది, రాగం వాళ్ళది. నన్నెవరు తోసినా లోపల అన్నం కలుపుతున్న శేషుబాబు చెయ్యి ఆగిపోయేది, ఎవరొస్తున్నారో, ఏం విరిగిందో అని.

భ్రమరాంబకి మాత్రం నా చప్పుడు ఇష్టం. అది విని, వచ్చినవాళ్ళెవరో వంటింట్లోంచే చెప్పేసేది. గిన్నెలో కూర అటు వెళ్ళేది, అదే గిన్నెలో పచ్చడి ఇటు వచ్చేది.

చివరికి యార్డులో తోటి గుమాస్తా తాతారావు మంట పెట్టాడు. "డబ్బు స్థలం మీద పెట్టండి గురువుగారూ. కుళాయి పోయిందనదు, సున్నం వెయ్యమనదు, పొమ్మంటే అలగదు." ఖాళీ స్థలాన్ని ఖాళీ చేయించే పనే ఉండదన్న సంగతి శేషుబాబుకి అంత గొప్పగా తోచింది. ఇల్లు అమ్మేసి చింతలపూడి రోడ్డులో అయిదు వందల గజాలు కొంటానన్నాడు. రెండేళ్ళు ఎక్కడో అద్దెకుంటే చాలట, రేటు రెట్టింపవుతుందట, సగం అమ్మి మిగతా సగంలో మేడ కడతాడట.

భ్రమరాంబ ఒక్కటే అంది. "నాకు మేడ వద్దు. ఎవరూ లేవమనని చోటు చాలు."

అయినా ఇల్లు అమ్మే కాగితాల మీద సంతకం పెట్టింది. ఇల్లు కొన్నవాళ్ళకి నా రంగు నచ్చలేదు. శేషుబాబు నన్ను ట్రాలీ ఆటోలో వేసుకుపోయి, కొత్త స్థలం ముందు రెండు సిమెంటు దిమ్మెలు కట్టించి బిగించాడు. గోడ కట్టేలోగా చేతిలో డబ్బైపోయింది. అలా నేను గోడల్లేని గేటునయ్యాను. అటు గడ్డి, ఇటు గడ్డి, మధ్యలో తాళం వేసుకుని నేను.

మేకలు నన్ను చూసి నవ్వుకుంటూ పక్కనుంచి పోయేవి. శేషుబాబు మాత్రం ప్రతి ఆదివారం వచ్చి, తాళం తీసి, లోపలికొచ్చి, గడియ పెట్టుకుని మరీ హద్దురాళ్ళు చూసుకునేవాడు. ఒకసారి చూసి స్కూటరెక్కి, మళ్ళీ దిగి, మళ్ళీ చూసేవాడు. కొన్న గజాల్లో ఏనుగు ఒక్కటీ లేదు గానీ, ఆయన మనసు మాత్రం ఏనుగుని మేపినంత అలిసిపోయేది. స్థిరాస్తి అంటారు. స్థిరంగా ఉన్నది ఆస్తే, ఆయన కాదు. గాలి వీస్తే నేనూ అంతే, పగలంతా గడగడలాడేదాన్ని.

రెండో ఏడు నడుస్తుండగా చలపతిరావు అనే పెద్దమనిషి కారులో దిగాడు. ఆయన దగ్గరా ఇదే స్థలానికి కాగితాలున్నాయి. అమ్మినవాడు ఒకే నేలని ఇద్దరికి అమ్మి ఊరొదిలేశాడు. దావా పడింది. కోర్టు తేల్చేదాకా ఎవరు లోపలుంటే వాళ్ళకే బలమని వకీలు చెప్పాడు. శేషుబాబు కాపలాకి మనిషిని వెతికాడు. పాక వేసిచ్చి, పైగా జీతమూ ఇవ్వాలన్నారు అడిగిన వాళ్ళందరూ. అద్దె పుచ్చుకున్నవాడు ఎదురద్దె ఇచ్చుకోవాల్సిన రోజొచ్చింది. సరిగ్గా అప్పుడే, భార్యాభర్తలు అద్దెకుంటున్న పోర్షన్‌ని ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యమని ఆ ఇంటివాళ్ళు చెప్పారు.

మర్నాడు పొద్దున్నే భ్రమరాంబ వచ్చింది. ఒక స్టవ్వు, రెండు బిందెలు, ఒక నీలం టార్పాలిన్. నాలుగు సరుగుడు కర్రలు పాతించుకుని ఆ నీడలో కూర్చుంది. నాకు కొత్త తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది.

మూడో రోజు చలపతిరావు ఇద్దరు మనుషులతో వచ్చాడు. పక్కనుంచి రెండడుగులు వేస్తే లోపలికొచ్చేస్తారు, మేక పిల్లకి తెలిసిన దారే. కానీ పక్క పొలంలో కూలీలు చూస్తున్నారు. తెల్లచొక్కా మనిషి గేటు వదిలి పక్కదారిన దూరితే ఏం బావుంటుంది? ముగ్గురూ నా ముందే ఆగారు.

"తాళం తియ్యండమ్మా. మా స్థలం మేం చూసుకోవాలి."

భ్రమరాంబ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు. "మీ స్థలమైతే తాళంచెవి మీ దగ్గరే ఉండాలి కదండీ."

చలపతిరావు కాగితాలు చూపించాడు. కేకలేశాడు. నా గడియ పట్టుకుని ఊపాడు. ఆవిడ ఈనెలు తీస్తూనే ఉంది, కాకపోతే కాయలు నేలమీద పడుతున్నాయి, ఈనెలు గిన్నెలో. అది నేనొక్కదాన్నే చూశాను. అరగంట ఎండలో నిలబడి, కోర్టులో చూసుకుంటానని ఆయన కారెక్కాడు.

సాయంత్రం శేషుబాబు క్యారియర్‌తో వచ్చాడు. సంగతంతా కూలీలే చెప్పారు. వచ్చి నా బయటే నిలబడ్డాడు. ఆయన దగ్గరున్న తాళంచెవి ఇప్పుడు నాకు పట్టదు, ఆవిడ కొత్త తాళం వేసింది.

"ఇంక చాలు భ్రమరా, ఇంటికి పద."

"ఏ ఇంటికండీ?"

ఆయన క్యారియర్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. మెల్లగా అడిగాడు, టార్పాలిన్ కింద ఇంకొకరికి చోటుందా అని.

"అద్దెకా, సొంతానికా?" అంది ఆవిడ.

స్థలం గురించి రెండేళ్ళు ఉపన్యాసాలిచ్చిన మనిషి కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ లేచొచ్చి తాళం తీసింది. ఇద్దరూ లోపలికెళ్ళి, పళ్ళెం ఒక్కటే ఉంటే అందులోనే కలుపుకుని తిన్నారు.

దావా ఇంకా తేలలేదు. వాయిదా వచ్చే నెల పదహారున. ఈ నేల ఎవరిదవుతుందో వాళ్ళకీ తెలీదు, నాకూ తెలీదు. ఇవాళ లోపలికెళ్తూ ఇద్దరూ నన్ను మూయడం మరిచిపోయారు. చింతలపూడి వైపునుంచి గాలి వీస్తోంది. ఒక రెక్క లోపలికి, ఒక రెక్క బయటికి కొట్టుకుంటూ ఊగుతూనే ఉన్నాను.